నూతన వచనగ్రంథములు – అనుబంధచతుష్టయము

కర్నూలు, కడప మండలముల పాఠశాలలలో విద్యార్థి తెలుఁగుపండితుని సమీపించి, చదువఁదగిన క్రొత్తపుస్తకము నొకదానిఁ జెప్పుఁడని యడిగినప్పుడు, పండితుఁడు సాధారణముగా నొక ప్రబంధమునో శతకమునో చూపును. విద్యార్థి కోరినది రాజ్యతంత్రమును గూర్చియో వర్తకమును గూర్చియో యైనచో, అట్టివి యింగ్లీషుననే కలవని చెప్పి పంపివేయును. ఈ యుత్తరమునందు రెండు దోషము లున్నవి. మొదటిది, అది సత్యము కాదు. రెండవది, అది యెంతవఱకు సత్యమో యంతవఱకు మండలమునకుఁ గీడు. కాలువనీరు, పంటధర, వడ్డి, ఒడంబడిక యనువానిని స్వభాషలో విచారింపనేరని జనము, వానిని గూర్చి యితరులు చేసిన నిర్ణయముల క్రింద వేలిముద్ర వేయుటకు మాత్రమే మిగులును. మెట్టసీమలో నీ యజ్ఞానమునకుఁ జెల్లింపవలసిన వెల మఱింత యెక్కువ.

నేఁడు పుస్తకములకుఁ గొఱఁత లేదు. నాయకత్వము నలవఱచుకొనుట యెట్లు, ధనము నార్జించుట యెట్లు, నూతనకల్పన చేయుట యెట్లు అని బోధించు గ్రంథము లంగళ్లయందు వరుసలు దీఱి యున్నవి. వానిలో ననేకము లాంగ్లమునుండి పరివర్తనము చేయఁబడినవి. వానిలో నేది గ్రాహ్యము, ఏది త్యాజ్యము అను నిర్ణయమునకుఁ గొలత కావలెను. ఆ కొలత పండితునికిఁ దెలియనిది కాదు. శాస్త్రగ్రంథము నారంభించునప్పుడు విషయము, ప్రయోజనము, అధికారి, సంబంధము అను నాలుగింటిని జెప్పవలయునని పూర్వులు విధించిరి. ఈ యనుబంధచతుష్టయమును తర్కవేదాంతములకే కట్టిపెట్టి, నేఁటి వచనగ్రంథమును దానియెదుట నిలుపకుండుట పండితుల యుపేక్షయే కాని శాస్త్రలోపము కాదు.

ఈ పరీక్షకు నిలుచు గ్రంథములు తెలుఁగున నూఱేండ్లకుఁ బూర్వమే పుట్టినవి. రాజ్యతంత్ర, అర్థవ్యవహార, కవికల్పనలకు సంబంధించిన మూఁడింటి నిచటఁ బరిశీలింపవచ్చును. వానిలో నొకదాని కర్త కర్నూలున జన్మించినవాఁడు. తక్కిన రెండింటి కర్త చిత్తూరు చెంతనున్న కట్టమంచివాఁడు. కావున నివి రాయలసీమకుఁ బరాయి సొమ్ము కావు.

1906వ సంవత్సరమున హైదరాబాదునందు విజ్ఞానచంద్రికామండలి స్థాపింపఁబడెను. కొమఱ్ఱాజు వేంకటలక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అయ్యదేవర కాళేశ్వరరావు, రావిచెట్టు రంగారావు దాని నిర్మాతలలోనివారు. చరిత్రమును, ప్రకృతిశాస్త్రములను, అర్థశాస్త్రమును తెలుఁగువచనమున వెలయించుట మండలి యాశయము. చిలుకూరి వీరభద్రరావు ఆంధ్రుల చరిత్రము ప్రథమభాగము 1910లో నిచటనుండియే వెలువడెను. అయితే మండలి ప్రథమగ్రంథము రాజుల చరిత్రము కాదు, ఋషి చరిత్రమును గాదు. 1907లో వెలువడిన యా గ్రంథము అమెరికాదేశపు రాజ్యాధ్యక్షుఁడైన అబ్రహాము లింకను చరిత్రము. దాని కర్త హరిసర్వోత్తమరావు.

ఈ యెన్నికను కొంద ఱాశ్చర్యముగాఁ జూడవచ్చును. సముద్రముల కావలనున్న పురుషుని జీవితము తెలుఁగువాని కేమి ప్రయోజనము? 1809లో దుంగలగుడిసెయందుఁ బుట్టి, బడిచదువు మొత్తముమీఁద నొక్కయేఁడైనను నిండని బాలుఁడు 1861లో దేశాధ్యక్షుఁడగుట, 1863లో దాస్యవిమోచన ప్రకటనము చేయుట, 1865లో హత్యకు గుఱియగుట యను వృత్తాంతమున, ప్రభుత్వమనునది పుట్టుకచే సంక్రమించు సొత్తు కాదను బోధ యున్నది. పరప్రభుత్వము క్రింద నున్న పాఠకున కీ బోధ నేరుగాఁ జేయుట ప్రమాదము. చరిత్రరూపమునఁ జేయుట సాధ్యము. రచయిత తానును దానిఁ బుస్తకమునందే విడిచిపెట్టలేదు. 1907లోనే వందేమాతరోద్యమమునఁ బాల్గొని రాజమహేంద్రవరమునఁ గళాశాలనుండి బహిష్కృతుఁడై, 1908లో స్వరాజ్యపత్రికలోని వ్యాసమునకై మూఁడేండ్ల కారాగారశిక్ష పొందెను. తరువాతి కాలమున గ్రంథాలయములకును వయోజనవిద్యకును బాటుపడెను.

అయినను గుణము జెప్పినచోట లోపమును జెప్పవలయును. మహాపురుష చరిత్రములకుఁ బుట్టుదోష మొకటి కలదు. అవి వ్యక్తిని జూపును, వ్యవస్థను మఱుఁగుపఱుచును. లింకను జీవితమున రెండు ప్రశ్నలు పెనఁగొని యున్నవి: దాస్యమును దొలఁగించుట యొకటి, విడిపోఁజూచిన రాష్ట్రములను సమాఖ్యలో నిలుపుట రెండవది. మొదటి దానిని బాలుఁడు తనంతఁ గ్రహించును. రెండవ దానిని గురువు చెప్పినఁగాని గ్రహింపఁడు. కాని రాయలసీమ పాఠకునకు మిక్కిలి దగ్గఱిది రెండవ ప్రశ్నయే. 1928లో నంద్యాల సభయందు దత్తమండలములకు రాయలసీమ యను పేరు గ్రహింపఁబడెను. 1937 నవంబరు 16న మద్రాసునఁ గాశీనాథుని నాగేశ్వరరావు గృహమైన శ్రీబాగునందు సర్కారు, రాయలసీమ నాయకుల నడుమ నొడంబడిక కుదిరెను. కృష్ణాతుంగభద్రాది నదుల నీటి వినియోగమున రాయలసీమకుఁ బదియేండ్లు ప్రథమస్థానము, రాజధాని హైకోర్టులలో నొకదానిని సీమవారు కోరుకొను హక్కు, అనంతపురమున విశ్వవిద్యాలయకేంద్రము, ఇవి యందలి ముఖ్యాంశములు. 1953 అక్టోబరు 1న నాంధ్రరాష్ట్ర మేర్పడినప్పుడు కర్నూలు రాజధాని యయ్యెను. 1956 నవంబరు 1న నా గౌరవము హైదరాబాదునకుఁ బోయెను. అంగమునకును అంగికిని గల సంబంధ మెట్టిది, మాట యిచ్చినవాఁ డెవఁడు, దానిని నిలుపవలసినవాఁ డెవఁడు అను విచారము లేక యీ వృత్తాంతము వట్టి తేదీల పట్టిక యగును. లింకను చరిత్రమును శ్రీబాగుతోఁ గలిపి చదివించిన గురువు రాజ్యతంత్రమును బోధించినవాఁడగును.

రెండవది కట్టమంచి రామలింగారెడ్డి రచించిన భారత అర్థశాస్త్రము. ఇదియు విజ్ఞానచంద్రికామండలి ప్రకటించినదే. 1880లో జన్మించి కేంబ్రిడ్జియందుఁ జదివిన యాతఁడు మైసూరు మహారాజకళాశాలలో నధ్యాపకుఁడుగా నుండెను. 1926లో నాంధ్రవిశ్వవిద్యాలయమునకుఁ బ్రథమోపాధ్యక్షుఁ డయ్యెను. ఆ మైసూరుననే 1909లో రుద్రపట్టణము శామశాస్త్రి కౌటిలీయార్థశాస్త్రము నచ్చొత్తించెను. ఒక్క పేరు రెండు శాస్త్రములకుఁ జెల్లుట యిచటఁ గన్నట్టుచున్నది. కౌటిల్యుని యర్థశాస్త్రమునకు విషయము రాజ్యపాలనము. రెడ్డి యర్థశాస్త్రమునకు విషయము ప్రజల ధనోత్పత్తి వినిమయములు. అర్థశబ్దమునకుఁ బదార్థము, ప్రయోజనము, ధనము మున్నగు నర్థములు కలవు గనుక నీ ప్రయోగమున దోషము లేదు. కాని పాఠశాలలో నీ భేదమును మొదటనే విడమఱచి చెప్పనిచో, బాలుఁడు చాణక్యుని వెదకుచు వడ్డిలెక్కలోఁ బడును.

ఈ గ్రంథమును నూఱేండ్లు దాటిన పిమ్మట సమాచారమునకై చదువఁగూడదు. నాఁటి ధరలు, నాఁటి నాణెములు, నాఁటి ప్రభుత్వము నేఁడు లేవు. దానిని చదువవలసినది పద్ధతికొఱకు. పరభాషలో నభ్యసించిన శాస్త్రమును స్వభాషలో నాలోచించి చెప్పుట యెట్లో దానివలనఁ దెలియును. ఆంగ్లపదమును తెలుఁగులిపిలో వ్రాసి తృప్తిపడువాఁడు పాఠకునకు శబ్దము నిచ్చునుగాని యర్థము నీయఁడు. నేఁటి వర్తకగ్రంథములలోఁ బలువానికి నీ దోషమే ప్రధానము. పది పుటలలో నిరువదిమా ఱొక పరభాషాపదము వచ్చును. ఒక్కమాఱైన దాని లక్షణము చెప్పఁబడదు. లక్షణము చెప్పని పరిభాషతో శాస్త్రము నడవదని సూత్రపాఠము చదివినవారి కెఱిఁగింపఁబనిలేదు.

పద్ధతి దొరకిన పిమ్మట దృష్టాంతము నూరనే దొరకును. కర్నూలు-కడపకాలువ యొక్కటి చాలును. సర్ ఆర్థర్ కాటను ప్రేరణచే 1860 ప్రాంతమున మద్రాసు నీటిపారుదల కంపెనీ తుంగభద్రపై సుంకేసుల యొద్ద నానకట్ట కట్టి, యించుమించు 306 కిలోమీటర్ల కాలువను ద్రవ్వించెను. కంపెనీ మూలధనమునకు నూటికి అయిదు వడ్డి వచ్చునట్లు ప్రభుత్వము హామీ యిచ్చెను. నీటి నమ్మి లాభింపవలెనని తలంపు. కాని నల్లరేగడిలో ప్రత్తియు జొన్నయు పండించు రైతులు వర్షములు సరిగాఁ బడిన యేండ్లలో నీటికి వెల యిచ్చుట కిష్టపడలేదు. కాలువకు రాఁబడి లేకపోయెను. వడ్డి మాత్రము ప్రజాధనమునుండి చెల్లుచుండెను. 1876-78 నాఁటి మహాక్షామము కాలువ యుండఁగనే కర్నూలుసీమను బాడుచేసెను. తుదకు 1882లోఁ బ్రభుత్వమే కాలువను గొనెను. నష్టభయము లేని మూలధనము, నేల స్వభావము నెఱుఁగని నిర్మాణము, కొనుగోలుదారుని మనస్సు విచారింపని వ్యాపారము, ఈ మూఁడును నీ యొక్క వృత్తాంతమున నున్నవి. పరదేశపు కంపెనీల విజయగాథలను బది చదివినను, సుంకేసుల నెఱుఁగని విద్యార్థికి వర్తకశాస్త్రము సగమే తెలిసినది.

మూఁడవది యా రామలింగారెడ్డియే 1914లోఁ బ్రకటించిన కవిత్వతత్త్వవిచారము. పింగళి సూరనార్యుని కళాపూర్ణోదయ ప్రభావతీప్రద్యుమ్నముల విమర్శనముగా నిది పుట్టినది. కళాపూర్ణోదయము నంద్యాల కృష్ణరాజున కంకితము. 2022వఱకును నంద్యాల కర్నూలుమండలములోనిదే. ఈ గ్రంథ మూరిసొత్తునకు విమర్శయనుటలో నతిశయోక్తి లేదు. భావనాశక్తి, కథాసంవిధానము, పాత్రపోషణము కావ్యమునకుఁ బ్రాణములని రెడ్డి వాదించెను. వర్ణనాలంకారముల పెంపుచేఁ బ్రబంధము క్షీణించెనని నిందించెను. పండితు లలిగిరి, ఖండనములు వెలువడెను. అలుక చల్లాఱిన యీ కాలమున రెండుప్రక్కలను దూఁచుట సులువు.

రెడ్డి వాడిన భావనాశబ్దము వ్యాకరణమునకు నచ్చునది. భూధాతువునకుఁ బ్రేరణార్థక ప్రత్యయము చేరఁగాఁ బుట్టిన యీ శబ్దమునకుఁ గలుగఁజేయుట యని యర్థము. మీమాంసకులును నుత్పాదనవ్యాపారమునకే దీనిని వాడిరి. నూతనకల్పన యనఁగా శూన్యమునఁ దోఁచుట కాదు, ఉన్నదానిచే లేనిదానిఁ గలుగఁజేయుట. కళాపూర్ణోదయమున బ్రహ్మ సరస్వతికిఁ జెప్పిన కథయే పిదప లోకమున జరుగును. మాట ముందు, సృష్టి వెనుక. భావన కింతకంటె నుదాహరణము వెదకఁబనిలేదు. రాజశేఖరుఁడు ప్రతిభను గారయిత్రి, భావయిత్రి యని విభజించి, యొకటి కవికిని రెండవది సహృదయునకును జెందునని చెప్పెను. రెడ్డి గ్రంథము తెలుఁగున భావయిత్రీప్రతిభకు మేలైన ఫలము.

కాని యాతని తులాదండమున కొక వంపు కలదు. కథానిర్మాణమునకుఁ దక్క దేనికిని బ్రాణము లేదన్నచో, సూరన్నయే రచించిన రాఘవపాండవీయ మెక్కడఁ దూఁగును? ప్రతిపద్యమున రామకథయు భారతకథయు నొక్కమాటలతో నడపుటలోఁ గల్పన లేదనుట దుస్సాహసము. అచట నియమమే కల్పనకు నిప్పురాయి యైనది. శ్లేషను గేవలశ్రమయని త్రోసివేసినచో, ఆ కవియందే యొక సగమును జూచి మఱియొక సగమునకుఁ గన్నుమూసికొన్నట్లగును. అయినను, తప్పుపట్టుటకుఁ దగిన కారణములను గూడ నొసఁగు విమర్శనము విద్యార్థికి మేలు చేయును. కేవలస్తుతి చదివినవాఁ డెదురాడనేరఁడు.

ఇప్పుడు చతుష్టయమునకు మరలవచ్చును. రాజ్యతంత్ర, కల్పన, వర్తకములను గూర్చి క్రొత్తగ్రంథము చేతికి వచ్చినప్పుడు పండితుఁడు నాలుగు ప్రశ్న లడుగవలయును. విషయము లక్షణపూర్వకముగాఁ జెప్పఁబడినదా, శీర్షికతోనే ముగిసినదా? ప్రయోజనము పాఠకునిదా, అమ్మువానిదా? అధికారి యెవఁడు, పట్టణమునఁ గొలువుసేయువాఁడా, ప్రత్తిచేనికిఁ బోయివచ్చి సాయంకాలము చదువు బాలుఁడా? నాలుగవది సంబంధము. దీనిని గ్రంథకర్త తీర్పలేఁడు. శాస్త్రమునకును శిష్యుఁడు నిలిచిన నేలకును సంబంధము కట్టువాఁడు గురువే. మూఁడు ప్రశ్నలకు సరియైన యుత్తర మిచ్చు పుస్తకమును, అది యాంగ్లమునుండి వచ్చినదైనను, నిన్న వెలువడినదైనను, పండితుఁడు సంకోచింపక చెప్పవలయును. నాలుగవదానికిఁ దా నుత్తరము కావలయును.

సుంకేసుల కాలువ కడపవఱకు వచ్చినది. దానినీటిని గూర్చిన విచారము తెలుఁగుతరగతిలోనికి వచ్చుట యింకను మిగిలియున్నది. విద్యార్థి మరల నడుగును. అప్పుడు పండితుఁడు, అట్టివి యింగ్లీషుననే కలవని చెప్పి పంపివేయకుండుటయే మొదటి పని.