రెండో బకెట్

కొత్త కారు కొన్నవారికి షోరూమ్‌లోనే కోటింగులు, పాలిష్‌లు, ప్యాకేజీల చిట్టా చదివేస్తారు. కార్లు కడిగి బతికే మంచి పనివాడి సామాను చూస్తే మాత్రం ఆశ్చర్యమేస్తుంది. ఒక షాంపూ, నాలుగు మైక్రోఫైబర్ గుడ్డలు, రెండు బకెట్లు. అంతే.

పనితనమంతా ఆ రెండో బకెట్‌లోనే ఉంది. మొదటిదాంట్లో షాంపూ నీళ్లు, రెండోదాంట్లో వట్టి నీళ్లు. ఒక తలుపు రుద్దాక గుడ్డను వట్టి నీళ్లలో జాడించి, ఇసుక దిగాకే మళ్లీ షాంపూలో ముంచుతాడు. రంగును కాపాడే క్లియర్‌కోట్ మందం సుమారు 50 మైక్రాన్లే. గుడ్డకు అంటిన ఇసుక దాన్ని గీకిందంటే, ఎండ పడినప్పుడు బానెట్ నిండా సాలెగూడు లాంటి గీతలు తేలతాయి.

గిన్నెలు తోమే లిక్విడ్ ఇస్తే తీసుకోడు. దానికి జిడ్డూ మైనమూ ఒకటే, రెండింటినీ ఊడ్చేస్తుంది. పీహెచ్ తటస్థంగా ఉన్న కార్ షాంపూయే కావాలంటాడు. మైనం సంగతికొస్తే, బ్రెజిల్ తాళజాతి చెట్టు ఆకుల నుంచి తీసే కార్నోబా కొత్త రంగుకు చాలు. అంతకంటే ఖరీదైనవి తొలి ఏడాది తొందరపడి కొనక్కర్లేదని నా అభిప్రాయం.

బోరు నీళ్ల కాలనీల్లో అతని హడావుడి చూడాలి. చుక్కలు ఆరితే సున్నపు మచ్చలు పడతాయి కాబట్టి, నీడలో కడిగి వెంటనే తుడిచేస్తాడు. చెయ్యి జారి నేల మీద పడిన గుడ్డను మాత్రం బాడీకి ఆనించడు. అది ఇక చక్రాలకే.