గేటు దాటిన నీళ్లు

తెలంగాణ తాగునీటి పథకం మిషన్ భగీరథలో పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు, మున్సిపాలిటీల్లో 135 లీటర్లు అని లెక్క కట్టారు. ఖమ్మం వైపు పాలేరు నీళ్లు, భద్రాచలం వైపు గోదావరి నీళ్లు శుద్ధయి, క్లోరిన్ కలిసి గేటు దాకా వస్తాయి. గేటు లోపలి పైపు మాత్రం ఇంటివాళ్లది. పాల్వంచలో మా ఇంటి బండలు లేపించి, నాన్న కట్టించిన నాటి జీఐ (జింకు పూసిన ఇనుప) పైపులు బయటికి తీయించినప్పటి నుంచి నా ధ్యాసంతా ఆ కాస్త దూరం మీదే ఉంది.

కోసిన ముక్కను వెలుతురుకు ఎత్తి చూస్తే, ముప్పావు అంగుళం పైపులో పెన్సిలు దూరేంత సందే మిగిలింది. చుట్టూ తుప్పు బుడిపెలు కట్టింది. ఇనుము మీద పూసిన జింకు తాను కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది. అది అయిపోయిన రోజు నుంచి తుప్పు మొదలవుతుంది. ముందుగా పోయేది జాయింటు. మర కోసినప్పుడు అక్కడి జింకు లేచిపోతుంది, పైపు మందంలో దాదాపు సగం తెగిపోతుంది. సఫేదా రాసి దారం చుట్టి ఎంత బిగించినా ఆ పలచన మారదు. మా బొగ్గు ప్రాంతంలో ఇంకో చిక్కుంది. నేల ఎత్తు చేయడానికి బాయిలర్ బూడిద పోసినచోట ఇనుప పైపు బయటి నుంచి కూడా తినేసినట్టు పోతుంది.

ఒక్క ముక్క మారిస్తే సరిపోదా అని అడిగాను. మేస్త్రీ పానా కింద పెట్టి, "ఈ జాయింటు బిగిస్తే పక్క జాయింటు ఊడుద్ది అక్కా. మొత్తం పాతదేగా" అన్నాడు. డై తిప్పి చేత్తో మర కోయడం చిన్నప్పుడే నేర్చుకున్న మనిషి. పైపు మీద పసుపు పట్టీ ఉంటే ఎ క్లాసు, నీలమైతే బి, ఎరుపైతే సి అని, మందం అలా పెరుగుతుందని నాకు చెప్పింది ఆయనే. అంతటి పనివాడు అతుకు వేయనని చెప్పడం నాకు గౌరవంగా అనిపించింది. అతుకు వేస్తే వచ్చే ఏడాది మళ్లీ పని దొరికేది.

కారిపోయే నీళ్లకంటే లోపలికి వచ్చేవి నన్ను ఎక్కువ భయపెడతాయి. మన ఊళ్లలో నల్లా రోజంతా రాదు. వచ్చినంతసేపు చిల్లులోంచి నీళ్లు బయటికి చిమ్ముతాయి. ఆగిపోయాక పైపులో ఒత్తిడి పడిపోయి, అదే చిల్లు చుట్టూ ఉన్న తడిని లోపలికి పీల్చుకుంటుంది. పక్కన మురుగు పైపు కారుతుంటే ఆ తడి ఏమిటో చెప్పక్కర్లేదు. 1986లో 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు గోదావరి లేచిన భద్రాచలంలో ఇది ఇంకా పెద్ద మాట. వరద తీశాక జనం గోడలు కడుక్కుంటారు, బురద ఎత్తిపోసుకుంటారు. నేల కింద రోజుల తరబడి వరదనీటిలో నానిన జాయింట్ల సంగతి చూసేవాళ్లు తక్కువ. తాగే నీటిలో లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగలాలని మన ప్రమాణం. తుప్పు ఆ క్లోరిన్‌ను కూడా తినేస్తుంది.

అమెరికాలో ఫ్లింట్ నగరం 2014లో నీటి వనరు మార్చింది. కొత్త నీళ్లకు పైపును కొరికే గుణం ఎక్కువ. దాన్ని అదుపు చేసే మందు కలపలేదు. పాత పైపుల్లోని సీసం పిల్లల ఒంట్లోకి చేరింది. మన జీఐ పైపులు సీసపువి కావు గానీ, నీళ్లు మారినప్పుడు అవి పారే పైపు సంగతీ చూడాలని ఆ ఊరు చూపింది. ప్లాస్టిక్ పైపైనా కళ్లు మూసుకుని కొనకూడదు. పీవీసీ పైపుల్లో సీసం వాడకాన్ని తొలగించేందుకు కేంద్రం 2021లో నియమాలు తెచ్చింది.

మేం సీపీవీసీ అనే ప్లాస్టిక్ పైపులు వేయించాం. మండు వేసవిలో డాబా ట్యాంకు నీళ్లు చేయి పెట్టలేనట్టు ఉంటాయి. మామూలు పీవీసీ ఆ వేడికి బలం తగ్గుతుంది, సీపీవీసీ 93 డిగ్రీల దాకా తట్టుకుంటుంది. ఎండ నేరుగా తగిలేచోట రంగు వేయాలి. దాని గమ్ము దానికే వాడాలి. పైపును దూర్చి పావు చుట్టు తిప్పి, కాసేపు అదిమి పట్టుకోవాలి. ఇత్తడి నల్లా తగిలించే చోట ఇత్తడి మర ఉన్న ముక్కే పెట్టాలి. ఇవన్నీ సరే, నేను పట్టుబట్టింది ఒక్కదాని గురించి: మళ్లీ నేల కింద వేయొద్దన్నాను. పైపులు గోడ వెంట, కంటికి కనిపించేలా వెళ్లాయి. చూడ్డానికి బాగోలేదని ఇంట్లో గొణిగారు. బాగోకపోయినా కారితే ఆ రోజే తెలుస్తుంది. నేల దాటక తప్పని ఒక్కచోట మురుగు పైపుకు దూరంగా, దానికంటే ఎత్తులో వేయించి, గమ్ము ఆరాక చేతిపంపుతో పైపులో ఒత్తిడి పెట్టి, మీటరు ముల్లు దిగలేదని చూశాకే మట్టి కప్పించాం.

పాత ఇళ్లవాళ్లు తప్పక చూసుకోవాల్సింది ఒకటుంది. అప్పట్లో కరెంటు ఎర్త్ తీగను చాలాచోట్ల నీళ్ల పైపుకే చుట్టేవారు. ఇనుప పైపు తీసి ప్లాస్టిక్ వేస్తే ఆ ఎర్త్ పోయినట్టే. ఫ్యాన్ తిరుగుతుంది, ఫ్రిజ్ పనిచేస్తుంది, ఏ తేడా కనిపించదు. ఒంటికి షాక్ తగిలినప్పుడే తెలుస్తుంది. పైపు మీద రంపం పెట్టకముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, ఎర్త్ గుంత వేరుగా తవ్వించండి.