గుర్రం బండెక్కే ముందు

సాళువ నరసింహరాయలు ఓర్ముజు, ఏడెన్ రేవుల నుంచి గుర్రాలు తెప్పించుకునేవాడనీ, వర్తకులు అడిగిన ధరే ఇచ్చేవాడనీ న్యూనిజ్ రాశాడు. వెయ్యి పర్దావులకు మూడు గుర్రాల లెక్క. పర్దావంటే దాదాపు మన వరహా. గుర్రం బతికున్నా సరే, చచ్చినా సరే. నడిసముద్రంలో చచ్చిపోయిన గుర్రానికి తోక కోసి తెచ్చి చూపిస్తే చాలు, బతికున్నదానికి ఇచ్చినట్టే పైకం ముట్టేదట. ఈ న్యూనిజ్ పోర్చుగీసువాడు, 1535 ప్రాంతంలో విజయనగరంలో మూడేళ్ళు ఉన్నాడు. తానూ గుర్రాల వ్యాపారే. రాయలు పోయిన నలభై ఏళ్ళకు పైగా గడిచాక, ఈ ముక్క రాస్తున్నప్పుడు ఆయన నోట్లో నీళ్ళూరి ఉంటాయని నా అనుమానం.

దూరాన ఉన్నవాడికి అమ్మడంలో చిక్కంతా ఆ తోకలోనే ఉంది. సరుకు అమ్మినవాడి చెయ్యి వదిలింది, కొన్నవాడి చేతికి ఇంకా అందలేదు. మధ్యలో ఉన్న దారి ఎవరిది? దారి ఖర్చు సంగతి కాదు, దారి భయం ఎవరిదని. రాయలకు గుర్రాలు లేనిదే యుద్ధం లేదు, మేలుజాతి గుర్రాలు అప్పట్లో ఈ నేల మీద పుట్టేవి కావు. అందుకని ఆ భయం తన నెత్తినే వేసుకున్నాడు. అంతకు రెండు వందల ఏళ్ళకు పైగా ముందు కాకతి గణపతిదేవుడు చేసింది కూడా ఈ కోవలోదే. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకు ముందు రాజులు లాగేసుకునేవారు. తాను అలా చెయ్యననీ, నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ పుచ్చుకోననీ 1244లో మోటుపల్లిలో రాతి మీద చెక్కించి మరీ చెప్పాడు. అభయ శాసనమని దానికి పేరు. వర్తకుడికి భయం పోతేనే ఓడ వస్తుందని ఆ ఇద్దరికీ తెలుసు.

ఇదంతా ఎందుకు గుర్తొచ్చిందంటే, ఈమధ్య రాజోలు వైపు నుంచి ఒకాయన మా ఇంటికొచ్చాడు. పెళ్ళి ఊరేగింపులకు గుర్రాన్ని తిప్పుతాడు. కొబ్బరి చెట్ల నీడన గుర్రమేమిటని అడక్కండి, పెళ్ళికొడుకులు ఉన్నంత కాలం ఉంటుంది. నేను బ్యాంకులో పనిచేసి రిటైరైనవాణ్ణని తెలిసి వచ్చాడు.

"ఆయ్, మేనేజరు గారండీ, షోలాపూరు నుంచి బేరం తగిలిందండి. మార్వాడీ జాతి ఆడగుర్రం కదండీ, సుళ్ళన్నీ వీడియోలో చూసుకున్నాడండి. నాలుగున్నర లక్షలకు ఒప్పుకున్నాడు. చెక్కు పంపిస్తాను, గుర్రాన్ని బండెక్కించండి అంటున్నాడండి. ఎక్కించెయ్యమంటారా?"

ఎక్కించొద్దన్నాను. ఆ మాట ఒక్క నిమిషంలో అయిపోయింది. ఎందుకొద్దో చెప్పడానికి మాత్రం రెండు కాఫీలు పట్టింది.

చెక్కు చేతిలో ఉంటే డబ్బు చేతిలో ఉన్నట్టేనని మన జిల్లాలో ఇప్పటికీ చాలామంది నమ్మకం. కౌంటరులో కూర్చున్న రోజుల్లో ఆ నమ్మకాన్ని విరగ్గొట్టడమే నా పనిగా ఉండేది. చెక్కు ఒక మాట, అంతే. నా ఖాతాలో డబ్బుంటే వీడికివ్వండని తన బ్యాంకుకు రాసిన చీటీ. 2025 అక్టోబరు 4 నుంచి చెక్కులు అదే రోజు తేలే పద్ధతి వచ్చింది గనుక ఎదురుచూపు తగ్గింది, మాట మాత్రం మాటగానే ఉంది. తిరిగొచ్చిన చెక్కుకు చట్టం లేకపోలేదు. 1989 ఏప్రిల్ నుంచి అది నేరం. రెండేళ్ళ దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా. బ్యాంకు మెమో అందిన ముప్ఫై రోజుల్లో నోటీసివ్వాలి, అందుకున్నవాడికి కట్టడానికి పదిహేను రోజులు గడువు, కట్టకపోతే ఆపైన నెలలోపు కోర్టుకెక్కాలి. దూరం బేరాలవాళ్ళకు ఇందులో ఒక మేలుంది. 2014లో సుప్రీంకోర్టు చెక్కు ఇచ్చినవాడి బ్యాంకు ఎక్కడుంటే అక్కడే కేసు వెయ్యాలంది. ఆ తీర్పే నిలిచి ఉంటే మనవాడు షోలాపూరు వెళ్ళి వాయిదాలు తిరగాలి. 2015లో చట్టం మార్చి, డబ్బు రావలసినవాడి ఖాతా ఏ శాఖలో ఉంటే అక్కడి కోర్టుకే ఆ అధికారమిచ్చారు. కాబట్టి రాజోల్లోనే వేసుకోవచ్చు. కాకపోతే కేసు రాజోల్లో ఉంటుంది, గుర్రం షోలాపూర్లో ఉంటుంది.

డ్రాఫ్టు నయం కదా అన్నాడు. నయమే, నిజమైనదైతే. ఇచ్చిన శాఖకు ఫోన్ చేసి రూఢి చేసుకోకుండా ఏ డ్రాఫ్టునూ నమ్మొద్దన్నాను. ఆ నంబరు కూడా డ్రాఫ్టు మీదున్నది చూసి కాదు, మన బ్యాంకును అడిగి తెలుసుకోవాలి. అమెరికాలో గుర్రాలమ్ముకునేవాళ్ళను ముంచింది ఇలాంటి కాగితమే. క్యాషియర్స్ చెక్కని అక్కడొకటుంటుంది, మన డ్రాఫ్టుకు అన్నయ్య. కొనేవాడు ధర కంటే ఎక్కువకు రాసి పంపుతాడు. మిగిలింది గుర్రాన్ని తీసుకెళ్ళడానికి వచ్చే బండివాడికి ఇచ్చెయ్యమంటాడు. అక్కడి నియమాల ప్రకారం బ్యాంకు ఆ సొమ్మును మర్నాడే వాడుకోనిస్తుంది. అమ్మినవాడు బండివాడికి తన డబ్బు పంపేస్తాడు. వారం పోయాక చెక్కు నకిలీదని తేలుతుంది. బండివాడూ కొన్నవాడూ ఒక్కడేనని అప్పుడు అర్థమవుతుంది. ఎవరైనా మీకివ్వాల్సినదానికంటే ఎక్కువిచ్చి కాస్త వెనక్కివ్వమన్నారంటే, ఆ బేరం అక్కడితో ఆపెయ్యండి.

మన దగ్గర అదే వేషం ఫోనులో కడుతున్నారు. మిలటరీలో ఉన్నాను, కంటోన్మెంటు దాటి రాలేను, ముందు ఒక్క రూపాయి వేసి చూస్తాను, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ను నొక్కండి, డబ్బు పడుతుంది అంటారు. డబ్బు పుచ్చుకోవడానికి పిన్ను నొక్కాల్సిన పని ఏ యాప్‌లోనూ లేదు. నొక్కితే మీ డబ్బు వెళ్తుందనే అర్థం. వ్యక్తులు ఒకరినొకరు యూపీఐలో డబ్బు అడిగే సౌకర్యాన్ని 2025 అక్టోబరు నుంచి తీసేశారు గానీ, స్కాన్ చెయ్యమనేవాళ్ళు అలాగే ఉన్నారు. పడిందని వచ్చే మెసేజీ, స్క్రీన్‌షాటు కూడా అంతే. ఎవడైనా తయారుచెయ్యగలడు. పాసుపుస్తకంలో పడితేనే పడినట్టు.

అయితే రొక్కం పుచ్చుకుంటానండి, ఏ గొడవా ఉండదన్నాడు. ఉంటుంది. 2017 ఏప్రిల్ నుంచి ఒక బేరానికి రెండు లక్షలు, ఆపైన రొక్కంగా పుచ్చుకోవడం నిషేధం. పుచ్చుకున్నంత మొత్తమూ జరిమానా వెయ్యొచ్చు. నాలుగు రోజులకు పంచి తీసుకున్నా బేరం ఒక్కటే గనుక తప్పించుకోలేం. జరిమానా పడేది ఇచ్చినవాడికి కాదు, పుచ్చుకున్నవాడికి. ఇది విన్నాక ఆయన మొహం చూడాలి.

నిజానికి కోనసీమకు దూరం బేరం కొత్త కాదు. అంబాజీపేట బతుకే దూరం బేరం. గండేరా, గటగట అని గ్రేడు కట్టిన కురిడీ కొబ్బరి గుజరాత్, రాజస్థాన్ వెళ్తుంది. కొనేవాడి మొహం ఎన్నడూ చూడని వర్తకులు ఉన్నారు. అక్కడ అరువు ఉంది, దలాలు ఉన్నాడు, తరాల పరిచయం ఉంది. పరిచయం లేని చోటికి బ్యాంకు దారి ఉండేది. సరుకు లారీకెత్తి, లారీ రసీదునూ బిల్లునూ మన బ్యాంకులో ఇస్తాం. అవి కొనేవాడి ఊళ్ళో బ్యాంకుకు వెళ్తాయి. వాడు డబ్బు కడితేనే రసీదు చేతికొస్తుంది, రసీదుంటేనే ట్రాన్స్‌పోర్టువాడు సరుకిస్తాడు. ఏ ట్రాన్స్‌పోర్టు కంపెనీల రసీదులు తీసుకోవచ్చో బ్యాంకుల సంఘం ఒక జాబితా కూడా పెట్టుకుంది. లారీలకు ముందు రైల్వే రసీదుతో ఇదే పని జరిగేది. పోస్టాఫీసు వి.పి.పి. కూడా ఈ కుటుంబంలోదే. మన దేశంలో 1877 నుంచి ఉంది. పత్రికల్లో ప్రకటన చూసి పుస్తకాలు తెప్పించుకున్న తరానికి గుర్తుండే ఉంటుంది, డబ్బు కడితేగాని పోస్టుమాను పార్సిలు వదిలేవాడు కాదు.

ఎంత చక్కటి ఏర్పాటు! అమ్మినవాడూ నమ్మక్కర్లేదు, కొన్నవాడూ నమ్మక్కర్లేదు, నడుమ ఉన్నవాణ్ణి ఇద్దరూ నమ్మితే సరి. మరి గుర్రానికి ఇదెందుకు పనికిరాదంటే, కొబ్బరి బస్తా గోడౌన్లో వారం పడుంటుంది. గుర్రం పడుండదు. దానికి పూటపూటా మేత, నీళ్ళు కావాలి. కట్టేసి ఉంచితే కాళ్ళు పట్టేస్తాయి, కడుపునొప్పి వస్తే గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. రసీదు విడిపించేదాకా గుర్రాన్ని చూసుకునే బ్యాంకు ఎక్కడుంది?

అందుకే ప్రాణమున్న సరుకును ఎప్పుడూ సంతలోనే అమ్మేవాళ్ళు. పుష్కర్లో గానీ, బీహార్ సోనేపూర్లో గానీ, మహారాష్ట్ర సారంగఖేడాలో గానీ గుర్రాల సంత ఇప్పటికీ అలాగే నడుస్తోంది. మన పశువుల సంతలో దలాలు తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని ధర తేల్చాక ఒక చేతికి పలుపు, ఇంకో చేతికి డబ్బు. రెండూ ఒక్క క్షణంలో మారతాయి. భయానికి అక్కడ చోటే లేదు. దూరం ఆ క్షణాన్ని రెండు ముక్కలు చేసింది. ఆ రెండు ముక్కల్ని మళ్ళీ ఎంత దగ్గరకు తేగలమన్నదే చూసుకోవాలి. ఏ యాప్, ఏ బ్యాంకు అన్నది ఆ తరవాతి మాట.

ఇక్కడ మనవాడి పక్షాన మాత్రమే మాట్లాడితే అన్యాయం. మొత్తం డబ్బు ముందు పంపెయ్, తరవాత గుర్రాన్ని పంపుతానంటే షోలాపూరాయన ఎందుకు నమ్మాలి? వీడియోలో కుంటి కాలు కనబడదు. పోనీ సగం ముందు, సగం చేరాక అంటే, సిద్ధాంతం దగ్గర గోదావరి వంతెన దాటిన గుర్రం మీద మనవాడికి పట్టు పోతుంది. చేరాక ఏదో వంక పెట్టి లక్ష తగ్గించమంటే, వెనక్కి తెప్పించుకునే బండి బాడుగ తలుచుకుని ఒప్పుకోవాల్సిందే. ఒకరికి క్షేమమైనది ఇంకొకరికి గండమే. ఇద్దరికీ కుదిరేది నాకు ఒక్కటే కనిపించింది. కొనేవాడు గానీ, వాడి మనిషి గానీ బండితోపాటు ఇక్కడికి రావాలి. గుర్రాన్ని ఎక్కి, నడిపించి, పళ్ళు పట్టి చూసుకోవాలి. చూసుకున్నాక ఇక్కడ నిలబడే ఆర్‌టీజీఎస్ చేయించాలి.

ఆర్‌టీజీఎస్ రెండు లక్షలకు తక్కువ కాకూడదు, మనకది సరిపోతుంది. 2020 డిసెంబరు 14 నుంచి అర్ధరాత్రయినా, ఆదివారమైనా నడుస్తోంది. పంపినవాడు చెక్కులా ఆపుకోలేడు, ఖాతాలో పడిందంటే పడినట్టే. యూపీఐలో సాధారణంగా రోజుకు లక్షే వెళ్తుంది గనుక దాన్ని బజానాకు వాడుకోమన్నాను. ఆ బజానా ఎందుకంటే, అక్కడి నుంచి మనిషి వచ్చేలోపు ఇంకొకరికి అమ్మనన్న మాటకు. మనిషి రాకపోతే అది మనవాడిది, వచ్చేసరికి గుర్రం లేకపోతే రెట్టింపు వెనక్కి. ఈ షరతు కాగితం మీద ఉండాలని పట్టుబట్టాను. గుర్రం రంగు, వయసు, సుళ్ళ గుర్తులు కూడా అందులోనే.

డబ్బు ఎవరి ఖాతా నుంచి వస్తుందన్నది ఇంకో మెలిక. మా బావమరిది ఖాతా నుంచి వేస్తాం, మా స్నేహితుడి ఖాతా నుంచి వేస్తాం అంటే ఒప్పుకోవద్దన్నాను. ఎక్కడో ఎవరినో మోసం చేసి లాగిన సొమ్ము అటు తిరిగి ఇటు తిరిగి మీ ఖాతాలో పడితే, సైబర్ పోలీసులు దాని జాడ పట్టుకొచ్చి మీ ఖాతాను స్తంభింపజేస్తారు. మీరు నిజాయితీగా గుర్రమే అమ్మారని నిరూపించుకునేదాకా కరెంటు బిల్లు కూడా కట్టలేరు. కాగితం మీద ఉన్న పేరూ, డబ్బు పంపిన ఖాతా పేరూ ఒకటే కావాలి. మోసమే జరిగిందని తోస్తే ఆలోచిస్తూ కూర్చోకుండా 1930కి ఫోను చెయ్యాలి.

చివరికి మళ్ళీ దారి భయమే. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, కొనేవాడికి చేర్చమని బండివాడికి అప్పగించడమంటే మామూలుగా కొనేవాడికి అప్పగించినట్టే. దారిలో గుర్రం పోతే నష్టం కొన్నవాడిది. నరసింహరాయల తోక ఇప్పుడు మన చట్టంలోనే ఉందన్నమాట. షోలాపూరాయనకు ఇది ముందే చెప్పమన్నాను. చెప్పాడు. ఆయన గుర్రానికి ఇన్సూరెన్సు చేయించుకున్నాడు, బండితో తమ్ముణ్ణి పంపుతానన్నాడు.

ఒక్క చోట మాత్రం బేరం చెడబోయింది. దూరం పంపే గుర్రానికి పశువైద్యుడి సర్టిఫికెట్టు ఉండాలి, గ్లాండర్స్ రక్తపరీక్ష కూడా చేయిద్దామన్నారు. అది మనిషికీ అంటే రోగం, ఉందని తేలితే గుర్రాన్ని చంపెయ్యాల్సిందే. రిపోర్టు వచ్చేదాకా మేత ఎవరిదన్న దాని మీద, నాలుగున్నర లక్షల దగ్గర కూడా వాదించుకోనంతగా ఇద్దరూ ఫోన్లో వాదించుకున్నారు. గడ్డి మనవాడిది, ఉలవలూ శనగలూ షోలాపూరాయనవి అని తేలింది.