ఈడువాళ్ల ఊరేగింపు

మన ఊళ్లలో నడివయసు దాటినవాళ్ల ఆధార్ కార్డులు చూస్తే పుట్టిన తేదీ దగ్గర జూన్ 1 అనో, జూలై 1 అనో తరచు కనిపిస్తుంది. ఆ రోజుల్లోనే అంతమంది పుట్టారని కాదు. బడిలో చేర్చుకునేటప్పుడు పంతులుగారు పిల్లవాడి చేతిని తల మీదుగా తిప్పి, చెవి అందిందో లేదో చూసి, అయిదేళ్లు నిండినట్టు లెక్క కుదిరేలా ఒక తేదీ వేసేవారు. కాగితం మీది తేదీ బడిది. ఇంట్లో అమ్మ చెప్పే లెక్క వేరు: దివిసీమ ఉప్పెనకు ముందటి ఏడు, కోతల కాలంలో, పక్కింటి పెద్దాడు పుట్టిన నెలకు. అంటే ఒక మనిషి వయసు ఇంకో మనిషి పక్కన నిలబెడితేనే తెలిసేది. ఆ సంబంధానికి మన భాషలో ఈడు అనే చక్కని మాట ఉంది. ఇప్పుడు తేదీ అందరికీ కచ్చితంగా తెలుసు, ఈడే మరుగునపడింది. అర్ధరాత్రి కేకు, ఫోన్లో స్టేటస్, స్తోమతు ఉంటే కూడలిలో ఫ్లెక్సీ. పుట్టినరోజును ఒక్క మనిషికి కట్టబెట్టి మనం దాన్ని చిన్నది చేసుకున్నామనీ, దాన్ని తిరిగి ఈడువాళ్లకూ ఊరికీ అప్పగించాలనీ నా వాదన. ఇందుకు నాకు దొరికిన బలమైన ఆధారం జర్మనీలో ఉంది.

స్టుట్‌గార్ట్‌కు తూర్పున సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, రెమ్స్ నది ఒడ్డున ష్వేబిష్ గ్ముండ్ అనే ఊరుంది. జనాభా 60 వేలు ఉంటుంది. తరతరాలుగా బంగారం, వెండి పనికి పేరుపడ్డ ఊరు. అక్కడ ఏటా వేసవిలో ఒకే సంవత్సరంలో పుట్టినవాళ్లంతా కలిసి తమ పుట్టినరోజును ఊరి పండుగగా జరుపుకుంటారు. నలభై నిండేవారికి ఒక రోజు, యాభైవారికి ఒక రోజు, అరవై, డెబ్బైవారికి వేరే రోజులు. 1985లో పుట్టినవాళ్లు 2025 వేసవికి నలభైవారు, వాళ్లే 2035లో యాభైవారు. ఒక్కో ఏటివాళ్లకు ఒక్కో సంఘం ఉంటుంది. ఆ సంఘాల వాళ్లను జర్మన్‌లో ఆల్టర్స్‌గెనోసెన్ అంటారు. తెలుగులో దానికి ఈడువాళ్లు అనే మాట అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. ఈ ఆచారం 19వ శతాబ్దం నుంచి వస్తోంది. ఆ రోజు మగవాళ్లు నల్లకోటు తొడుక్కుని ఎత్తయిన నల్ల టోపీ పెట్టుకుంటారు, ఆడవాళ్లు పండుగ బట్టలు కడతారు. 14వ శతాబ్దంలో కట్టడం మొదలైన పెద్ద చర్చిలో ప్రార్థన జరుగుతుంది, తమ ఈడువాళ్లలో కన్నుమూసినవాళ్లను అక్కడ తలచుకుంటారు. తర్వాత బ్యాండుమేళంతో ఊరి వీధుల్లో ఊరేగింపు. దారికి రెండువైపులా చుట్టాలు, ఇరుగుపొరుగు, పాత స్నేహితులు నిలబడి పూలగుత్తులు అందిస్తుంటారు. ఆపైన అందరూ కలిసి ఒక ఫోటో, రాత్రికి విందు, నాట్యం.

ఈ పద్ధతిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది నడిచేవాళ్లకూ నిలబడేవాళ్లకూ మధ్య నడిచే ఇచ్చిపుచ్చుకోవడం. నిరుడు పక్కన నిలబడి పూలిచ్చిన మనిషి ఈ ఏడు నడిరోడ్డు మీద పూలు అందుకుంటాడు, వచ్చే ఏడు మళ్లీ పక్కకు జరుగుతాడు. తన వంతు ఎప్పుడొస్తుందో పాతికేళ్ల కుర్రాడికీ తెలుసు. నలభైవాళ్లు నడుస్తుంటే డెబ్బైవాళ్లు చూస్తారు, డెబ్బైవాళ్లు నడిచే రోజున మనవలు చూస్తారు. పదేళ్లకోసారి తీసే ఆ ఫోటోలో ప్రతిసారీ తలలు తగ్గుతాయి. ఎవరెవరు లేరో ఊరందరికీ తెలుస్తుంది. వయసు మీదపడటం అక్కడ ఎవరూ ఒంటరిగా మోసే బరువు కాదు. గదిలో కోసే కేకు ఎంత ప్రేమగా కోసినా ఈ పని చేయలేదు, ఎందుకంటే ఆ గదిలో ఉన్నవాళ్లంతా మన మనుషులే. మనతోపాటు లోకంలోకి వచ్చి, మనకు ఏమీ కానివాళ్లు కూడా పక్కన నడిచినప్పుడే మనం గడిపిన కాలం ఎంతో కంటికి కనబడుతుంది.

పుట్టుకతోనే మనిషికి అంటుకునేవి కొన్ని ఉన్నాయి. కులం, మతం, ఇంటిపేరు, ఆస్తి, అన్నీ ఊరిని చీల్చేవే. పుట్టిన ఏడు కూడా పుట్టుకతో వచ్చేదే కానీ అది ఒక్కటే ఊరిని అడ్డంగా కోసి, ప్రతి వీధి నుంచీ కొందరిని తెచ్చి ఒక వరసలో నిలబెడుతుంది. దక్షిణ జర్మనీలోనే బీబెరాఖ్ అనే ఇంకా చిన్న పట్టణం దీనికి మంచి సాక్ష్యం. కాథలిక్కులు, ప్రొటెస్టంట్లు పక్కపక్కన బతికిన ఊరు అది. సెయింట్ మార్టిన్ చర్చిని 1548 నుంచి ఇరువర్గాలూ వంతులవారీగా వాడుకుంటున్నాయి. 1648లో ముప్ఫయ్యేళ్ల యుద్ధం ముగిశాక ఊరి పదవుల్ని కూడా రెండు మతాలకూ సమానంగా పంచారు. జూలైలో తొమ్మిది రోజులు సాగే ఆ ఊరి షూట్సెన్‌ఫెస్ట్ తన మూలాన్ని ఆ యుద్ధం ముగిసిన మరుసటి ఏటితో ముడిపెట్టుకుంటుంది. ఆ పండుగలోనూ నిండు పదుల వయసుకొచ్చినవాళ్లు ఏటివారీగా కలిసి నడుస్తారు. పదవుల్ని మతం లెక్కన పంచుకున్న ఊళ్లో వీధిని ఈడు లెక్కన పంచుకోవడం చిన్న విషయం కాదు. ఫ్రాన్స్‌లోని విల్‌ఫ్రాంష్ ప్రాంతంలో ఇలాంటిదే జనవరిలో జరుగుతుంది. అక్కడ ఇరవైవాళ్ల టోపీకి ఆకుపచ్చ పట్టీ, నలభైవాళ్లకు నారింజ, అరవైవాళ్లకు నీలం. కుర్రాళ్లను సైన్యంలోకి ఏటివారీగా పిలిచే లెక్క నుంచి అది పుట్టింది. యుద్ధానికి పిలిచిన వరసనే ఊరు విందుకు పిలిచే వరసగా మార్చుకుంది.

ఎవరి పుట్టినరోజు వాళ్లది కదా, గుంపులో కలిపేస్తే ఆ మనిషికి మిగిలేదేమిటని అడగవచ్చు. ఈ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. బిడ్డ పుట్టిన ఘడియ తల్లికి ఒక్కటే, దానికి ఏ ఊరేగింపూ సాటి రాదు. అయితే గ్ముండ్‌లో ఎవరూ తమ తేదీని వదులుకోలేదు, ఇంట్లో జరుపుకునేది జరుపుకుంటూనే ఉంటారు. వేసవి పండుగ దానికి అదనం. పైగా పుట్టినరోజును మొత్తంగా ఒక మనిషి సొత్తుగా చూడటం జర్మనీలోనూ పూర్వం నుంచీ ఉన్నది కాదు. కాథలిక్ ప్రాంతాల్లో చాలాకాలం పుట్టినరోజు కన్నా, తనకు పేరిచ్చిన పునీతుడి పండుగ రోజే ముఖ్యం. ఇప్పటికీ ఆఫీసుల్లో పుట్టినరోజు ఎవరిదో వాళ్లే కేకు తెచ్చి అందరికీ పెట్టాలి. తరగతి గదిలో చాక్లెట్లు పంచే మన పిల్లలకు ఇది కొత్త కాదు. ఇక బ్రెమెన్‌లో ముప్ఫై నిండినా పెళ్లికాని మగవాడి చేత కథీడ్రల్ మెట్లు ఊడిపించే ఆచారం ఉంది. అదీ నలుగురిలో జరిగే పుట్టినరోజే. కానీ ఒక్కణ్ణి నిలబెట్టి మిగతావాళ్లు నవ్వే ఆ తీరు కన్నా అందరూ కలిసి నడిచే గ్ముండ్ తీరే నాకు మేలనిపిస్తుంది.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. చిన్న ఊరి పండుగ ఊరివాళ్లదే, బయటివాళ్లకు అందులో చోటెక్కడిది? జర్మనీ విషయంలో ఈ ప్రశ్న ఊరికే పుట్టింది కాదు. 1933 తర్వాత ఆ దేశమంతటా సంఘాల నుంచి యూదుల్ని వెళ్లగొట్టారు. ఒకే ఏడు పుట్టి, ఒకే వీధిలో పెరిగినవాళ్లను కూడా కాదన్నారు. ఈడు తనంతట తాను ఎవరినీ కాపాడదు, ఊరు దాన్ని ఎంత వెడల్పుగా పరిస్తే అంతే. అయినా మతం, భాష, రక్తం అనే కొలతలతో పోలిస్తే పుట్టిన ఏడు అనే కొలత బయటి మనిషికి ఎక్కువ తావిస్తుంది, ఎందుకంటే అది లేనివాడంటూ ఎవరూ ఉండరు. కొన్నేళ్లుగా జర్మనీలోని విదేశీ విద్యార్థుల్లో భారతీయులే అందరికన్నా ఎక్కువ. వాళ్లలో మన తెలుగు పిల్లలు చాలామంది ఉన్నారు, చిన్న ఊళ్లలో చదివేవాళ్లూ ఉన్నారు. జూలైలో పుట్టిన పిల్ల తన రోజున తలుపేసుకుని ఇంటికి వీడియో కాల్ చేసుకునే సమయానికి, కింద వీధిలో ఊరి పండుగ జరుగుతుంటుంది. అక్కడ పొడవాటి బల్లల దగ్గర ముక్కూమొహం తెలియనివాళ్లు పక్కపక్కన కూర్చుంటారు. ఈ రోజు నా పుట్టినరోజని ఆ బల్ల దగ్గర ఒక్కమాట చెప్పడానికి భాష పెద్దగా రానక్కర్లేదు.

మనకు షష్టిపూర్తి ఉంది కదా, జర్మనీ దాకా ఎందుకని కొందరు అనవచ్చు. షష్టిపూర్తి గొప్ప ఆలోచన. ఒక మనిషి పుట్టిన సంవత్సరం పేరు అరవై ఏళ్లకు తిరిగి వచ్చిందని చేసే వేడుక. 1965 ఉగాది నుంచి 1966 ఉగాది దాకా పుట్టినవాళ్లందరిదీ విశ్వావసు, 2025 ఉగాదితో అది మళ్లీ వచ్చింది. గ్ముండ్ వాళ్లకు అంకెలే ఉన్నాయి, మనకు ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై పేర్లున్నాయి. ఇంత అందమైన ఉమ్మడి లెక్కను మనం ఒక్కో ఇంటి ఫంక్షన్ హాల్లో, ఒక్కో దంపతుల పీటల మీదికి కుదించాం. భర్త పోయినామెకు, పెళ్లికానివాడికి, ఖర్చు భరించలేనివాడికి సంవత్సరం తిరిగి వచ్చినా వేడుక రాదు. దీనికి దగ్గరగా ఈ మధ్య ఊరూరా జరుగుతున్నది పదో తరగతి బ్యాచ్‌ల ఆత్మీయ సమ్మేళనం. పాత గురువులకు శాలువాలు, పేరుపేరునా పలకరింపులు, అందరూ కలిసి ఫోటో. గ్ముండ్ వేడుకకు ఇది చుట్టమే. కానీ అది పదో తరగతి దాకా వచ్చినవాళ్లది. అయిదో తరగతిలో బడి మానేసి గొర్ల వెంట పోయినవాడు, పన్నెండేళ్లకు కూలికి వెళ్లి పద్నాలుగేళ్లకు అత్తారింటికి పోయిన పిల్ల ఆ ఫోటోలో ఉండరు. ఈడుకు వాళ్లూ సమానమే.

ఖర్చు ఎక్కువవుతుందనే మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. నల్లకోటూ విందూ గ్ముండ్‌లోనూ ఉచితం కాదు. కానీ మనం కొత్తగా పండుగ పెట్టుకోనక్కర్లేదు. మేలో తిరుపతిలో గంగమ్మ జాతర, ఆషాఢంలో బోనాలు, ఊరూరా ఏదో ఒక అమ్మవారి కొలుపు ఉండనే ఉన్నాయి. నగరాల నుంచి జనం ఊళ్లకు వచ్చేదీ అప్పుడే. ఆ ఊరేగింపులో అరవై నిండిన ఆడామగా ఒక వరసలో నడవడానికి కావలసింది పంచాయతీ వాళ్ల మాటా, నాలుగు బుట్టల బంతిపూలూ. వయసు బయటపెట్టడానికి ఇష్టపడనివాళ్లు దారి పక్కన నిలబడి పూలివ్వవచ్చు. మీ ఊరి జాతరకు చాటింపు వేసిన రోజున, మీతో ఒకే ఏడు పుట్టినవాళ్ల పేర్లు ఒక కాగితం మీద రాయండి. బడికి రాకుండా ఆగిపోయినవాళ్ల పేర్లతో మొదలుపెట్టండి.