పొరల పిడి

కత్తి మాట వస్తే అందరూ అలుగు గురించే అడుగుతారు. ఏ ఉక్కు, ఎంత పదును, సాన ఎలా పట్టాలి అని. రోజంతా చేతిలో ఉండేది మాత్రం పిడే. ఒకే కర్రలో చెక్కిన పిడికన్నా, రెండు మూడు రకాల కర్రను పలచటి పలకలుగా కోసి అతికించిన పిడి అంటే నాకు ప్రాణం. వడ్రంగి షెడ్డులో ద్వారబంధాలు కోయగా మిగిలిన టేకు ముక్కలు పొయ్యిలోకి పోతుంటాయి. ఈ పనిలో వాటికి చోటు దొరుకుతుంది.

టేకు బంగారు ఛాయ, జిట్టేగి ఊదా కలిసిన ముదురు గోధుమ. మధ్యలో తెల్లటి గీత కావాలంటే చింతమానులో చేవ చుట్టూ ఉండే పాలిపోయిన భాగం తీసుకుంటాను. మాంసం కొట్టే మొద్దు చూసినవాళ్లకు చింత గట్టిదనం చెప్పనక్కర్లేదు. కొండపల్లి బొమ్మకు తగిన తెల్లపొణికి ఇక్కడ పనికిరాదు, మరీ మెత్తన. జిట్టేగిని కొత్తగా కొనను. పాత మంచాలూ కుర్చీలూ విప్పినచోట వెతుక్కుంటాను. ఆ ప్రజాతి చెట్లన్నిటి అంతర్జాతీయ వ్యాపారం మీద 2017 నుంచి నియంత్రణ ఉంది. ఉండాల్సిందే కూడా.

పేర్చేటప్పుడు ముందు నార చూడాలి. కర్ర తేమకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. ఆ కదలికంతా నారకు అడ్డంగానే, పొడవునా దాదాపు ఉండదు. అందుకే అన్ని పలకల నారా పిడి పొడవునే సాగాలి. ఒక్క మందపాటి పలకను అడ్డం తిప్పినా నాలుగు కాలాలు తిరిగేసరికి అతుకు నోరు తెరుస్తుంది.

అతుకు బలం జిగురుదే అంటారు చాలామంది. నేను ఒప్పుకోను, బలం పలక చదునులో ఉంది. మందపాటి అద్దం మీద ఉప్పు కాగితం పరిచి, పలక మీద పెన్సిల్‌తో అడ్డదిడ్డంగా గీతలు గీసి రుద్దితే, పల్లం ఉన్నచోట గీతలు మిగిలిపోతాయి. అవి పోయేదాకా చెయ్యి ఆపకూడదు. తర్వాత రెండు పలకల్ని జతచేసి కిటికీకి ఎదురుగా పట్టుకుంటే సందులోంచి వెలుతురు కనపడకూడదు. టేకులో, జిట్టేగిలో సహజంగానే నూనె ఉంటుంది గనక అతికించబోయే ముందు అసిటోన్‌తో తుడవాలి. మామూలు తెల్ల జిగురు తడికి ఓర్వదు, వంటింటి కత్తికి ఎపాక్సీయే మేలు. క్లాంపు మరీ బిగిస్తే అది కాస్తా బయటికి కారిపోయి అతుకు ఎండిపోతుంది. అంచున బొట్లు బొట్లుగా తేలితే చాలు.

ఆకురాయి పట్టాకే అసలు ఆనందం. దిమ్మగా ఉన్నప్పుడు పొరలు తిన్నటి గీతలే. అరచేతికి ఆనేలా పొట్ట తిప్పుతుంటే ఆ గీతలు వంగి, పటంలో కొండ ఎత్తు చూపే గీతల్లా ఒకదాని చుట్టూ ఒకటి వలయాలు కడతాయి. ఆ వలయాలే నాకు కొలబద్ద. ఎడమవైపు గుండ్రం కుడివైపు దానికన్నా వెడల్పుగా వచ్చిందంటే, కుడివైపు ఎక్కువ అరిగిందన్నమాట. ఒంటికర్ర పిడిలో ఆ తేడా కంటికి అందదు. మెషీను మీద తొందరపడితే వేడికి ఎపాక్సీ మెత్తబడుతుంది, అందుకే చేత్తోనే అరగదీస్తాను.

చివర్లో అవిసె నూనె పట్టిస్తాను. తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూల పడేయకండి, ఆరుతూ వేడెక్కి దానంతటదే అంటుకోగలదు. విప్పి ఆరుబయట పరచండి. కత్తిని సింకులో గిన్నెలతో నానబెట్టొద్దని ఇంట్లోవాళ్లకూ చెప్పండి.