బెర్నార్డు ప్రేమసోపానము

క్లేర్వో మఠాధిపతి యగు బెర్నార్డు (1090–1153) లాటినుభాషలో రచించిన ‘దైవప్రేమమును గూర్చి’ యను గ్రంథమునఁ బ్రేమకు నాలుగు మెట్లు చెప్పఁబడినవి. మొదట మానవుఁడు తనకొఱకే తన్నుఁ బ్రేమించును. పిదపఁ దన మేలుకొఱకు దేవునిఁ బ్రేమించును. మూఁడవ మెట్టున దేవుని నాతనికొఱకే ప్రేమించును. కడపట దేవునికొఱకే తన్నుఁ బ్రేమించును.

వరములఁ గోరి వచ్చు భక్తుని బెర్నార్డు గర్హింపలేదు. ఆపదలయందుఁ బలుమాఱు దేవునిఁ జేరి, యాతని మాధుర్యముఁ జవిచూచినవాఁడే వరములకంటె వరదుఁడు మేలని యెఱుంగునని యాతని యభిప్రాయము. వరము దేవునిఁ జేర్చు త్రోవ. త్రోవలోనే నిలిచిపోవుట దోషము. ప్రేమకుఁ బ్రతిఫలము లేదనియు నాతఁ డనఁడు. ప్రియుఁడగు దేవుఁడే ప్రతిఫల మనును.

అయినను నాలుగవ మెట్టు ఈ దేహముతో నెవ్వరికైనఁ బూర్ణముగా లభించునా యని యాతఁడే సందేహించెను. తా నెక్కని మెట్టు నెక్కితినని చెప్పికొనని యీ సత్యనిష్ఠయే గ్రంథమునకుఁ బ్రామాణ్యము నొసఁగుచున్నది.