ఊదామూత గొట్టము

వ్రేలికొసను ఉబికిన నెత్తురుబొట్టును గాజుపలకపై అందుకొని, అది ఆఱకముందే వేఱొక పలక అంచుతో ఒక్క ఊపున ముందునకు త్రోసి, లీష్మన్ రంగు పోసి, సూక్ష్మదర్శినిక్రింద చూచు పని మా ప్రయోగశాలలలో నానాటికి అరుదగుచున్నది. ఊదామూత గొట్టమున రక్తము పట్టి యంత్రమున కందించినంతనే ప్లేట్‌లెట్ల లెక్క వచ్చుచుండగా ఈ శ్రమ యెందులకని కుఱ్ఱవాండ్రు అడుగుదురు.

చాలకాలము క్రిందట, మాటిమాటికి ముక్కువెంట నెత్తురు కాఱుచుండిన ఆఱేండ్ల పిల్లను అమ్మమ్మ వెంటబెట్టుకొని వచ్చినది. మైక్రోలీటరునకు 2,70,000 ప్లేట్‌లెట్లు. ఉండవలసినది లక్షన్నర మొదలు నాలుగున్నర లక్షలవఱకు గనుక, అంతయు సరిగానున్నదని వ్రాసి నేనే సంతకము చేసితిని. పదిదినములకు మరల వచ్చినపుడు పిల్ల గౌను ముందుభాగమంతయు నెత్తురు.

“లెక్క బాగానే ఉందన్నారు గదా బాబూ, మరి ఆగదేం?” అని ఆ ముసలమ్మ అడిగినది.

ఆ పూట వ్రేలినుండి నేరుగా పలకపైకి తీసిన పూతలో, గుంపులు గుంపులుగా అతుకుకొని కనబడవలసిన ఫలకికలు, అనగా ప్లేట్‌లెట్లు, ఆరబోసిన నువ్వులవలె దేనికది విడివిడిగా పడియున్నవి. స్విట్జర్లండు శిశువైద్యుడు గ్లాంజ్‌మన్ 1918లో వర్ణించిన వ్యాధి యది. పిల్ల తల్లిదండ్రులది మేనరికము. ఇరువైపులనుండియు లోపమున్న జన్యువు సంక్రమించిననే గాని రాని యీ వ్యాధి, దగ్గఱి సంబంధములు విస్తారముగా గల మన దక్షిణదేశమున అంత అపూర్వము కాదు.

నాళము తెగినచోట బయల్పడిన కొల్లాజెను తంతువులను ఫాన్ విల్లెబ్రాండ్ కారకము అంటిపెట్టుకొనగా, వేగముగా పాఱు నెత్తురులో కొట్టుకొనిపోవు ఫలకిక తన పైపొరనున్న ‘ఒకటి-బి’ గ్లైకోప్రోటీనుతో ఆ కారకమును పట్టుకొని నిలదొక్కుకొనును. అటుపిమ్మటనే, అంతవఱకు ముడుచుకొనియున్న ‘రెండు-బి, మూడు-ఎ’ అను జంట ప్రోటీను విచ్చుకొని ఫైబ్రినోజన్‌ను అందుకొనును. ఒక్కొక్క ఫలకికపై సుమారు 80,000 ఉండు నీ జంటలు, రెండు కొసలుగల ఫైబ్రినోజన్ అణువును చెఱియొక వైపున పట్టుటచేతనే ఫలకికకు ఫలకిక ముడిపడును. ఫైబ్రినోజన్ ప్లాస్మాలో నెల్లప్పుడు సమృద్ధిగా నుండునదే గనుక, ఈ జంట వేళకు ముందే విచ్చుకొన్నచో నాళములలోనే నెత్తురు గడ్డకట్టును. ఆ సంయమమును తలచుకొన్నప్పుడెల్ల నాకు విస్మయము కలుగును. తరువాతి పరీక్షలలో పిల్ల ఫలకికలు రిస్టోసిటిన్ వేయగా ఒండొంటి నంటుకొన్నవి. ఏడీపీ వేసినను కదలలేదు. మొదటి పట్టు ఉన్నది, రెండవది లేదు.

మొదటిసారి నాకు తెలియకపోవుటకు హేతువు ఆ ఊదామూతయే. గొట్టములోని ఈడీటీఏ నెత్తురు గడ్డకట్టకుండుటకై కాల్షియమును హరించును. కాల్షియము లేనిదే ఆ జంట ప్రోటీను ఫైబ్రినోజన్‌ను పట్టజాలదు. అందుచేత ఆ గొట్టమున ఆరోగ్యవంతుల ఫలకికలును ఆ పిల్ల ఫలకికలవలెనే విడివిడిగా నిలుచును, లెక్క మాత్రము చక్కగా వచ్చును.

ఆస్పిరిన్ ఎన్నడును ఈయవలదనియు, పన్ను తీయవలసి వచ్చినను ముందుగా చెప్పవలెననియు అమ్మమ్మకు ఒకటికి రెండుమార్లు చెప్పి పంపితిని. నాయొద్ద పని నేర్చుకొన వచ్చినవారు ఇప్పుడు మొదటివారమంతయు ఊదామూత గొట్టమును ముట్టరు. తమ వ్రేలినే పొడుచుకొని పూత తీసి, పలక అంచున తమ ఫలకికలు గుంపుకట్టిన తావును వెదకి నాకు చూపుదురు.